బాత్రూమ్ నేల మీద గార, తుప్పు, నల్లబడ్డ సందులు: యాసిడ్ పోయకుండా వదిలించడం ఎలా?

'బోరునీళ్లు' అనే పేరుతో ఒకరు అడిగిన ప్రశ్న:

హైదరాబాద్‌లో నిజాంపేట వైపు అపార్ట్‌మెంట్. వాడకానికి బోరు నీళ్లు, ఎండాకాలంలో ట్యాంకరు. బాత్రూమ్ నేలకు అడుగు బై అడుగు సిరామిక్ టైల్స్, జారకుండా ఉండే గరుకు రకం, లేత బూడిద రంగు. మూడు రకాల మరకలున్నాయి.

1. కుళాయి కింద, బకెట్ పెట్టే చోట తెల్లగా గట్టి గార. గోరుతో గీకితే పొడి రాలుతుంది, పూర్తిగా మాత్రం పోదు.
2. అక్కడినుంచి జాలీ దాకా నారింజ, గోధుమ రంగు చార.
3. టైల్స్ మధ్య సందులు నల్లబడ్డాయి. అవి మొదట తెల్లటి సిమెంటు గ్రౌట్.

నీటి పరీక్షలో కఠినత్వం లీటరుకు 620 మిల్లీగ్రాములు వచ్చింది. ఇనుము కూడా ఉందన్నారు. వాచ్‌మన్, పనిమనిషి ఇద్దరిదీ ఒకే మాట: "యాసిడ్ కొట్టండి సార్, ఐదు నిమిషాల్లో పోతుంది." వాళ్లనేది సీసాల్లో అమ్మే హైడ్రోక్లోరిక్ యాసిడ్. నాకు ధైర్యం చాలట్లేదు. పైగా కర్నూలులో అమ్మావాళ్ల ఇంట్లో బాత్రూమ్‌కు నల్ల కడప బండలు. అక్కడా ఇవే మరకలు. రెండింటికీ ఒకటే పద్ధతి పనికొస్తుందా?

---

గాజుకుప్పె:

రెండింటికీ ఒకటే పద్ధతి అస్సలు పనికిరాదండీ. కడప బండ సంగతి తెలిసినవాళ్లు వేరే చెబుతారు, నేను టైల్స్ వరకే రాస్తాను.

మీవి మూడు మరకలు, మూడింటికీ మందులు వేరు. వరుస కూడా ముఖ్యం. తప్పితే ఒకదానికి వేసిన మందు ఇంకోదాన్ని గట్టిపరుస్తుంది. అందరూ ముందు బ్లీచ్‌తో, అంటే సోడియం హైపోక్లోరైట్ లిక్విడ్‌తో, మొదలుపెడతారు. ఇనుము మరక మీద బ్లీచ్ పడితే ఇనుము ఇంకా ఆక్సీకరణం చెంది, నారింజ చార కాస్తా ముదురు గోధుమ రంగులోకి దిగుతుంది. కాబట్టి బ్లీచ్ చివరన, అదీ వేరే రోజున.

ముందు జిడ్డు. కఠిన నీళ్లలోని కాల్షియం సబ్బుతో కలిసి నీళ్లలో కరగని జిడ్డు పొర అవుతుంది. అది గార మీద కూర్చుంటే ఏ ఆమ్లమూ లోపలికి దిగదు. 3 లీటర్ల వేడి నీళ్లలో 2 పెద్ద చెంచాల వాషింగ్ సోడా, ఒక చెంచా గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి నేలంతా పోయండి. పావుగంట ఆగి గట్టి నైలాన్ బ్రష్‌తో రుద్ది కడిగేయండి. వాషింగ్ సోడా అంటే బట్టల సోడా. వంట సోడాకు అంత బలం లేదు.

తర్వాత గార. నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్, లీటరు గోరువెచ్చని నీళ్లకు 100 గ్రాములు. పోయడానికి ముందు నేలంతా మామూలు నీళ్లతో బాగా తడపండి. సందుల్లోని సిమెంటు ముందే నీళ్లు తాగి ఉంటే ఆమ్లాన్ని తక్కువ పీల్చుకుంటుంది. ఆ తర్వాత గార ఉన్నచోట మాత్రమే పాత గుడ్డ పరిచి, ద్రావణంతో తడిపి, పైన ప్లాస్టిక్ కవరు కప్పండి. గుడ్డ లేకుండా ఊరికే పోస్తే వాటానికి జారిపోయి గ్రౌట్‌ను తింటుంది, గార అలాగే ఉంటుంది. 20 నిమిషాల తర్వాత తీసి రుద్ది కడగండి.

మందం గారకు ఒక్కసారి చాలదు. అప్పుడు ద్రావణం చిక్కగా చేయడమో, మరిగే నీళ్లు వాడడమో కాకుండా కొత్త ద్రావణంతో మళ్లీ మొదటినుంచి చేయండి. గారలోని కాల్షియం సిట్రిక్ యాసిడ్‌తో కలిస్తే కాల్షియం సిట్రేట్ పుడుతుంది. అది నీళ్లలో పెద్దగా కరగదు, వేడి నీళ్లలో ఇంకా తక్కువ. బాగా చిక్కగా, వేడిగా వేసి వదిలేస్తే కొత్త తెల్ల పొర తయారవుతుంది, "ఎంత చేసినా పోవట్లేదు" అనుకుంటాం. రెండు మూడు మిల్లీమీటర్ల మందం గార ఉంటే సల్ఫామిక్ యాసిడ్ పొడి మేలు. కెమికల్ దుకాణాల్లో డీస్కేలర్ పేరుతో దొరుకుతుంది. లీటరుకు 50 గ్రాములతో మొదలుపెట్టండి. దాని కాల్షియం లవణం బాగా కరుగుతుంది కాబట్టి తెల్ల పొర సమస్య రాదు.

అటుపైన నారింజ చార. బోరు నీళ్లలో ఇనుము బయటికొచ్చేటప్పుడు రంగు లేకుండా కరిగి ఉంటుంది. గాలి తగిలాక తుప్పుగా మారి నేలకు అంటుకుంటుంది. దీనికి ఆగ్జాలిక్ యాసిడ్, లీటరుకు 50 గ్రాములు, 10 నుంచి 15 నిమిషాలు. ఇక్కడ రెండు జాగ్రత్తలు. గార పూర్తిగా పోకముందు ఇది వేయొద్దు. కాల్షియంతో కలిస్తే కాల్షియం ఆగ్జలేట్ అనే మొండి తెల్ల పొర వస్తుంది, అది గారకంటే అన్యాయం. అదే కారణానికి ద్రావణం కలిపేటప్పుడు బోరు నీళ్లు కాకుండా ఆర్‌ఓ నీళ్లు వాడండి. మీ నీళ్లలో కలిపితే బకెట్‌లోనే తెల్లగా విరుగుతుంది. ఇది విషం, చూడటానికి చక్కెరలా ఉంటుంది. వంటింటి డబ్బాలో పోసి పెట్టొద్దు, గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దు. పొడి కలిపేటప్పుడు ముక్కుకు మాస్క్ కట్టుకోండి. పని అయ్యాక నాలుగైదు బకెట్ల నీళ్లతో కడగండి.

చార నారింజ రంగు కాకుండా నలుపు తిరిగిన గోధుమ రంగులో ఉంటే అందులో మాంగనీసు కూడా ఉండొచ్చు. దానికీ ఇదే మందు.

చివరన నల్ల సందులు. అది బూజా, ఊరికే మట్టా అన్నది ముందు తేల్చండి. ఒక మూల బ్లీచ్ చుక్క వేసి పది నిమిషాలు ఆగండి. రంగు తేలిపోతే బూజు, మారకపోతే గ్రౌట్ లోపలికి దిగిన మట్టి, జిడ్డు. బూజైతే సోడియం హైపోక్లోరైట్ లిక్విడ్‌కు సమానంగా నీళ్లు కలిపి, టిష్యూ కాగితాన్ని పురిలా చుట్టి సందుల్లో పెట్టి, తడిపి, 15 నిమిషాలు ఉంచి కడగాలి. బ్లీచింగ్ పౌడర్ వద్దు, అందులోని సున్నం సందుల్లో మిగిలిపోతుంది. మట్టైతే ఆక్సిజన్ బ్లీచ్, అంటే సోడియం పెర్కార్బొనేట్, లీటరు వేడి నీళ్లకు 2 పెద్ద చెంచాలు, అరగంట. కలిపినది అప్పటికప్పుడు వాడేయాలి, మర్నాటికి దాస్తే ఉత్త సోడా నీళ్లే మిగులుతాయి.

ఆమ్లం వాడిన రోజున బ్లీచ్ సీసా మూత కూడా తీయొద్దు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. మన బాత్రూమ్‌లు ఐదడుగుల గదులు, ఒక్క చిన్న వెంటిలేటర్. ఆమ్లం పని అయ్యాక బకెట్ నీళ్లలో 2 చెంచాల వంట సోడా కలిపి నేలంతా పోసి, కడిగి, మర్నాడు బ్లీచ్ పని పెట్టుకోండి.

---

ఇంటిచిట్కా:

ఇన్ని కెమికల్స్ ఎందుకండీ. వెనిగర్, వంట సోడా కలిపి పోస్తే బుసబుసా పొంగి మరకలన్నీ వచ్చేస్తాయి కదా. ఖర్చూ తక్కువ.

---

గాజుకుప్పె:

ఆ పొంగే పొంగు ఒకదాన్నొకటి చంపుకుంటున్న గుర్తండీ. వెనిగర్ ఆమ్లం, సోడా క్షారం. కలిపితే కార్బన్ డయాక్సైడ్ పోయి, సోడియం అసిటేట్ కలిసిన నీళ్లు మిగులుతాయి. వాటికి గారను కరిగించే శక్తీ లేదు, జిడ్డు తీసే శక్తీ లేదు. విడివిడిగా వాడితే రెండూ మంచివే. వెనిగర్‌లో ఆమ్లం 4, 5 శాతమే కాబట్టి పలుచటి పొరకు చాలు, పాత గారకు చాలదు. నిమ్మ ఉప్పు అంతకంటే చవక, వాసనా ఉండదు.

---

టైల్స్ మేస్త్రి:

అన్నా, యాసిడ్ జోలికి పోకపోవుడే మంచిది. టైల్‌కు ఏం గాదు, దాని మీది గాజు లాంటి పూత, గ్లేజ్, దానికి తట్టుకుంటది. పోయేది సందుల సిమెంటు. నాలుగైదు సార్లు యాసిడ్ కొడితే గ్రౌట్ ఇసుక లెక్క రాలుతది, సందుల నుంచి నీళ్లు కిందికి దిగుతయి. అపార్ట్‌మెంట్లల్ల బాత్రూమ్ కింద సన్‌కెన్ స్లాబ్, అంటే గుంత లెక్క కిందికి దించి పోసిన స్లాబ్ ఉంటది, దాంట్ల ఇటుక ముక్కలు, చెత్త నింపి ఉంటరు. ఆ నీళ్లన్నీ అండ్ల నిలిచి కింది ఫ్లాట్ సీలింగ్‌కు చెమ్మ కొడ్తది. అప్పుడు మొత్తం పగలగొట్టుడే. యాసిడ్ పొగకు స్టీలు జాలీ, కుళాయి క్రోమ్ కూడా మచ్చలు పడ్తయి.

ఇంకో మాట. స్టీలు పీచుతోని రుద్దకుండ్రి. దాని సన్న తీగలు గరుకు టైల్ల ఇరుక్కుని వారానికే తుప్పు చుక్కలయితయి. నైలాన్ బ్రష్ లేకుంటే కొబ్బరి పీచు వాడుండ్రి.

సందులు కడిగినా మళ్ల నల్లబడ్తున్నయంటే గ్రౌట్ గుల్ల అయినట్టు. అది తీసేసి ఎపాక్సీ, అంటే సిమెంటుకు బదులు రెసిన్‌తోని చేసిన గ్రౌట్ పెట్టుకోవాలె. పని ఇట్ల ఉంటది:

పాత గ్రౌట్‌ను చేతి గీకుడు బ్లేడుతోని గానీ మల్టీటూల్‌తోని గానీ కనీసం 3, 4 మిల్లీమీటర్ల లోతు తీయాలె. గ్రైండర్ పెడితే టైల్ అంచులు లేస్తయి, సన్న సందులకు అది పనికిరాదు. పైపైన తీసి మీదికెళ్లి రాస్తే ఆరు నెలల్ల పెచ్చు లెక్క లేస్తది. దుమ్ము మొత్తం తీసి, రెండు రోజులు ఫ్యాన్ పెట్టి ఆరబెట్టాలె. తడి మీద ఎపాక్సీ పట్టదు, అందరు చెడగొట్టేది ఈడనే.

ఎపాక్సీ డబ్బాల రెసిన్, హార్డెనర్, పౌడర్ మూడు ఉంటయి. ముందు రెసిన్, హార్డెనర్ బాగ కలిపి, తర్వాత పౌడర్ వేయాలె. అంచనాకు సగం సగం చేయొద్దు. సగమే కలపాలంటే కాంట పెట్టి తూచుండ్రి. హార్డెనర్ ఎక్కువ తక్కువ అయితే ఏండ్లు గడిచినా జిగటగనే ఉంటది. కలిపినంక ముప్పావుగంటల పని అయిపోవాలె, మే నెల ఎండల అయితే అంత టైం గూడ దొరకది. రబ్బరు చెక్కతోని సందుకు అడ్డంగ ఏటవాలుగ లాగి నింపాలె. సందు పొడుగున లాగితే నింపినది బయటికి వస్తది. 15, 20 నిమిషాలల్ల తడి స్పాంజితో టైల్ మీది పొర తుడవాలె. గరుకు టైల్ల ఆ పొర గట్టిపడ్డదంటే మళ్ల ఊడదు, మెరిసే మచ్చ లెక్క ఉండిపోతది. మరునాటి దాక కాలు పెట్టొద్దు, మూడు రోజులు నీళ్లు వద్దు, వారం దాక మందులు వద్దు.

40 చదరపు అడుగుల బాత్రూమ్, 3 మిల్లీమీటర్ల సందు, 4 మిల్లీమీటర్ల లోతు అయితే అర కిలో దాక పడ్తది. వేస్టేజ్ కలిపి ఒక కిలో డబ్బా తెచ్చుకుంటే సాలు.

---

నల్లబండ:

కర్నూలు బాత్రూమ్ గురించి. పైన చెప్పిన సిట్రిక్, సల్ఫామిక్, ఆగ్జాలిక్, వెనిగర్, నిమ్మకాయ... ఒక్కటీ కడప బండ మీద పడకూడదు. కడప బండ సున్నపురాయి. తాండూరు, షాబాదు బండలూ అంతే. గారలో ఉన్నదీ కాల్షియం కార్బొనేటే, బండలో ఉన్నదీ అదే. ఆమ్లానికి ఈ రెంటికీ తేడా తెలియదు, గారతోపాటు బండనూ తింటుంది. నల్ల బండ మీద కమోడ్ చుట్టూ తెల్లగా పాలిపోయిన మచ్చలు ఎక్కువ ఇళ్లలో కనిపిస్తాయి. వాటిని గార అనుకుని ఇంకా యాసిడ్ పోస్తారు. అవి టాయిలెట్ క్లీనర్ చుక్కలు బండ పాలిష్‌ను తినేసిన గుర్తులు. ఆ నీలం సీసాల్లో ఉండేది సుమారు 10 శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్. కమోడ్ పింగాణీకి అది సరే, బండకు కాదు.

అనుమానం ఉంటే తలుపు వెనక మూలన ఒక్క నిమ్మరసం చుక్క వేయండి. నురగ వస్తే సున్నపురాయి. మార్బుల్, పాత మొజాయిక్ నేలలు కూడా నురగిస్తాయి. గ్రానైట్ నురగించదు, అయినా దాని మీద కూడా యాసిడ్ వద్దు. కొన్ని రకాల గ్రానైట్‌లో ఉన్న ఇనుము యాసిడ్‌కు బయటపడి పసుపు మచ్చలవుతుంది.

బండ మీద గార తీయాలంటే మందు లేదు, చేతిపనే. మందంగా ఉన్నచోట పెయింటర్లు వాడే వెడల్పు బ్లేడును దాదాపు నేలకు ఆనించినట్టు పడుకోబెట్టి, తడి మీద గీకండి. నిలబెట్టి గీకితే గీతలు పడతాయి. మిగిలిన పలుచటి పొరకు డైమండ్ హ్యాండ్ ప్యాడ్లు (రాయిని రుద్ది నునుపు చేసేవి), నీళ్లు పోస్తూ 400, 800, 1500, 3000 నంబర్ల వరుసలో, గరుకు నుంచి నునుపుకు. ఒక నంబరు దాటేస్తే ముందు ప్యాడ్ గీతలు తర్వాతది తీయలేదు. పాలిపోయిన మచ్చలకూ ఇదే దారి. బాత్రూమ్ నేలకు మాత్రం 800 దగ్గర ఆపేయండి. అద్దంలా మెరిసే తడి బండ మీద పెద్దవాళ్లు నడవడం మంచిది కాదు.

తుప్పు చారకు, రాతికి వాడదగినదని డబ్బా మీద రాసి ఉన్న, ఆమ్లం లేని రస్ట్ రిమూవర్ తీసుకోండి. ఇనుము తగలగానే ఉదా రంగుకు తిరిగే రకం. రంగు తిరగడం పని జరుగుతున్నట్టు గుర్తు. వాసన ఘోరంగా ఉంటుంది, ఫ్యాన్ వేసుకోండి. నూనె మరకలకు, తలంటు పోసుకునే చోట ఇవి తప్పవు, సుద్ద పొడిని వాషింగ్ సోడా నీళ్లతో ముద్దలా కలిపి అర సెంటీమీటరు మందం పట్టించి, ప్లాస్టిక్ కప్పి ఒక రోజు ఉంచండి. తర్వాత కవరు తీసి పూర్తిగా ఆరనివ్వాలి. ఆరేటప్పుడే నూనె పైకి లాగబడుతుంది కాబట్టి తడిగా ఉండగా తీసేస్తే ప్రయోజనం లేదు.

రోజువారీకి గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు బకెట్ నీళ్లలో. అంతకు మించి అక్కర్లేదు.

---

పసుపుకుంకుమ:

మధ్యలో దూరుతున్నా. పెళ్లి నలుగు పెట్టిన బాత్రూమ్‌లో టైల్స్ మీద పసుపు మరక సబ్బుతో రుద్దితే ఎర్రగా మారింది. పాడైపోయినట్టేనా?

---

గాజుకుప్పె:

పాడవలేదు. పసుపు క్షారం తగిలితే ఎర్రబడుతుంది, సబ్బు క్షారమే. కడిగితే మళ్లీ పసుపు రంగుకు వస్తుంది. టైల్స్ మీదైతే పలుచని హైపోక్లోరైట్ పది నిమిషాలు ఉంచితే రంగు విరిగిపోతుంది. ఎండ పడే చోటైతే మందే వద్దు, రెండు మూడు రోజుల్లో ఎండే తినేస్తుంది.

---

బోరునీళ్లు:

అందరికీ ధన్యవాదాలు. జిడ్డు, గార, తుప్పు పనులు పై వరుసలోనే చేశాను. నారింజ చార పూర్తిగా పోయింది. గార ముప్పాతిక పోయింది. బకెట్ పెట్టే చోట మాత్రం చెయ్యంత మచ్చ తెల్లగానే ఉంది. తడిపితే మాయమవుతుంది, ఆరితే మళ్లీ కనిపిస్తుంది. మళ్లీ సిట్రిక్ వేయాలా? ఒక మూల సందులోంచి తెల్ల పొడి కూడా వస్తోంది, తుడిచిన వారానికే మళ్లీ.

---

గాజుకుప్పె:

తడిపితే మాయమవడం గారకూ జరుగుతుంది, గ్లేజ్ అరిగినా జరుగుతుంది. దాన్నిబట్టి తేల్చలేం. ఆరిన మచ్చ మీద సిట్రిక్ ద్రావణం ఒక చుక్క వేసి సెల్‌ఫోన్ లైటు పక్కనుంచి కొట్టి చూడండి. చిన్న బుడగలు వస్తే ఇంకా గార ఉన్నట్టే, కొత్త ద్రావణంతో మళ్లీ చేయండి. బుడగలు లేకుండా, వేలితో రాస్తే పక్క టైల్‌కంటే నున్నగా తగిలితే, బకెట్ రాపిడికి గ్లేజ్ అరిగిపోయింది. దానికి మందు లేదు, టైల్ మార్చడమే. బుడగలు లేవు, కానీ చేతికి పొడిపొడిగా తగులుతోందంటే సిట్రేట్ పొర కావచ్చు. సల్ఫామిక్ ఒకసారి లీటరుకు 50 గ్రాములు, పది నిమిషాలు వేసి చూడండి. మచ్చ వెండి రంగులో గీతల్లా ఉంటే అది స్టీలు బకెట్ అడుగు రుద్దుకున్న లోహం. తడి గుడ్డ మీద టూత్‌పేస్ట్ వేసి రుద్దితే వస్తుంది.

620 కఠినత్వం అంటే తాగే నీటికి భారతీయ ప్రమాణం ఒప్పుకునే గరిష్ఠ హద్దు 600 కూడా దాటింది. కోరదగినది 200. ఈ నీళ్లు నేల మీద ఆరినచోటల్లా గార వదులుతాయి. స్నానం అయ్యాక వైపర్‌తో నీళ్లు జాలీలోకి లాగేయడం ఒక్కటే చవకైన ఉపాయం. నెలకోసారి పలుచని సిట్రిక్, లీటరుకు 30 గ్రాములు, ఐదు నిమిషాలు చాలు.

---

టైల్స్ మేస్త్రి:

సందు నుంచి తెల్ల పొడి వస్తుందంటే అది పైది గాదు, కింది నుంచి వచ్చేది. టైల్ కింద నీళ్లు నిలిచి, సిమెంటు ఉప్పును తీసుకొని పైకి వచ్చి ఆరుతున్నయి. తుడుస్తే పోదు. ముందుగాల ఒక మగ్గు నీళ్లు ఆ మూల పోసి చూడుండ్రి. నీళ్లు జాలీ దిక్కు పోకుండ అక్కడనే నిలుస్తున్నయంటే వాటం తప్పింది. మీటరుకు 10, 12 మిల్లీమీటర్ల వాటం ఉండాలె. నీళ్లు మంచిగ పోతున్నయి, అయినా పొడి వస్తుందంటే గోడల పైపు జాయింట్ గానీ, జాలీ చుట్టు అంచు గానీ కారుతున్నట్టు. రాత్రి కుళాయిలన్ని బంద్ జేసి మీటర్ ఉంటే రీడింగ్ రాసుకొని పొద్దుగాల చూడుండ్రి. రీడింగ్ తిరిగితే పైపుది, తిరగకుంటే జాలీ అంచుది అనుకోవచ్చు. ఇది తేలే దాక ఆ మూల ఎపాక్సీ పెట్టకుండ్రి. పైన మూస్తే నీళ్లు పక్క సందు నుంచి వస్తయి, లేకపోతే కింది ఫ్లాటోళ్ల సీలింగ్‌ల తేలుతయి.